షెడ్డు వెనక వ్యాగను

వడ్రంగికి ఆ వీధిలో ఇంకో పేరుంది, లీవరు. పిల్లలు కూడా లీవరు తాత అనే పిలుస్తారు గానీ ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు. పెద్దవాళ్లకు తెలుసు, తెలిసే పిలుస్తారు. తలుపు బిగుసుకుపోతే కబురు పెడతారు. పని అయ్యాక టీ గ్లాసు చేతికిచ్చి, "అయినా ఆ రోజు కాస్త తల తిప్పి చూసుంటే సరిపోయేది కదా లీవరూ" అంటారు. కోపంతో కాదు, ఊసుపోక అంటారు. ఊసుపోక అనేవాళ్ల మీద తిరగబడటానికి కూడా ఉండదు. అతను టీ తాగేసి, గ్లాసు కడిగిచ్చి, రంపం సంచిలో పెట్టుకుని వచ్చేస్తాడు.

ఒకప్పుడు అతను పల్లెటూరి స్టేషన్లో పాయింట్స్‌మన్. స్టేషన్ మాస్టరు ప్లాట్‌ఫాం చివర నిలబడి పచ్చజెండా ఊపితే ఇతను లీవరు లాగి పట్టాల దారి మార్చాలి. ఒక మధ్యాహ్నం జెండా ఊగింది, ఇతను లాగాడు. ఇంజను వెనక్కి నెట్టిన పెట్టెలు గూడ్సు షెడ్డు లైన్లోకి వెళ్లాయి. ఆ లైన్లో, షెడ్డు వెనక, అప్పటికే ఒక వ్యాగను ఆగి ఉంది. దాంట్లోంచి బస్తాలు దింపుతున్న కుర్రాడు ఆ తాకిడికి జారిపడి రెండు పెట్టెల మధ్య నలిగి చచ్చిపోయాడు. ఆ కుర్రాడు అతని భార్యకు తమ్ముడు. ఆ పని ఇప్పించింది కూడా బావగారే.

ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి ఆ వ్యాగను ఎదురుగా కనిపిస్తుంది. లీవరు దగ్గర నిలబడ్డవాడికి షెడ్డు గోడ తప్ప ఇంకేమీ కనబడదు. అందుకే జెండా మాస్టరు చేతిలో ఉండేది. కానీ విచారణ ఎక్కడో ఆఫీసు గదిలో, ఫ్యాను కింద జరిగింది. "లీవరు దగ్గర్నుంచి చూస్తే వ్యాగను శుభ్రంగా కనబడుతుంది. చూసుకుని లాగడం అతని బాధ్యత" అన్నాడు మాస్టరు. ఇతను నెత్తీ నోరూ కొట్టుకుని షెడ్డు అడ్డమన్నాడు. వెళ్లి చూద్దామని ఎవరికీ తోచలేదు, ఎండలు ఎక్కువగా ఉన్నాయి. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ లైను మూసేశారు. పట్టాలు ఊడబీకి పాత ఇనుముకు వేశారు. షెడ్డు పడగొట్టారు. అతని వైపు సాక్ష్యం చెప్పగలిగిన ఒకే ఒక్క గోడ ఇటుకలై ఎవరి పశువుల కొట్టానికో పోయింది.

భార్య అతన్ని వదిలి వెళ్లలేదు. వెళ్లిపోయి ఉంటే అతను సుఖపడేవాడు. ఆవిడ ఉండి వంట చేసింది, బట్టలు ఉతికింది, జ్వరం వస్తే మందు పోసింది, పళ్లెం ముందు పెట్టిన ప్రతిసారీ ఒక మాట వడ్డించింది.

"తిను. వాడికి లేని ఆకలి నీకుంది కదా."

మొదట్లో అతను వాదించేవాడు. షెడ్డు అడ్డం అనేవాడు.

"అయితే చూపించు" అనేది ఆవిడ.

చూపించడానికి అక్కడ ముళ్లకంప తప్ప ఏముంది? వడ్రంగం నేర్చుకున్నాడు, జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి. ఆ ఒక్క మాట మాత్రం ముసలిదవలేదు.

అలాంటి రోజుల్లో రిటైరైన మాస్టరు ఒక సాయంత్రం కారు దిగి అతని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏరా, బతికే ఉన్నావా?" అన్నాడు చనువుగా. "మన స్టేషను నమూనా కడుతున్నాను. చిన్న రైలు, చిన్న పట్టాలు, కరెంటు మీద తిరుగుతుంది. ప్లాట్‌ఫాం వైపు నాకు గుర్తుంది గానీ యార్డు వైపు ఏది ఎక్కడుండేదో సరిగా గుర్తు రావట్లేదు. నువ్వొచ్చి కట్టిపెట్టు. పాత సంగతులు మనసులో పెట్టుకోకు. నేనెప్పుడో మర్చిపోయాను."

ఆ చివరి మాట మాత్రం అక్షరాలా నిజం. చేసినవాళ్లకు మతిమరుపు తొందరగా వస్తుంది, దానికి మందు కూడా అక్కర్లేదు. ఇంకెవరైనా అయితే చేతిలో ఉన్న ఉలితో సమాధానం చెప్పేవారు. ఇతను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"గూడ్సు షెడ్డు కూడా కట్టాలా సార్?"

"అన్నీ కట్టాలి. రాయి కూడా వదలను."

"అయితే వస్తాను."

లోపల్నుంచి భార్య అంతా వింటోంది. కారు వెళ్లాక బయటికొచ్చి, "సిగ్గు లేదా" అంది. అతను ఆవిడ వైపు తిరిగి, "చూపించమన్నావు కదా. చూపిస్తాను" అన్నాడు. అతని గొంతులో అంత ధైర్యం విని ఆవిడ అతని మొహంలోకి ఒకసారి చూసి లోపలికి వెళ్లింది.

మాస్టరు ఇంటి మేడ మీద గదిలో, గది పొడవునా వేసిన ప్లైవుడ్ బల్ల మీద స్టేషను లేచింది. అగ్గిపుల్లలు ముక్కలు చేసి పట్టాల కింద స్లీపర్లు పరిచాడు. కంకర కోసం పక్క వీధిలో ఇల్లు కడుతుంటే ఇసుక తెచ్చి జల్లించాడు. వాడేసిన టీపొడి ఎండబెట్టి బొగ్గు కుప్ప పోశాడు. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టించి జిగురు మీద చల్లితే గడ్డి మొలిచింది. పాత స్పాంజీ గిల్లి చెట్లు చేశాడు. రేకు డబ్బా కత్తిరించి, దువ్వెన పళ్లతో నొక్కి, షెడ్డు పైకప్పుకు గాట్లు తెప్పించాడు. మాస్టరు పడక్కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకు చూపించేవాడు.

"వీడి చేతిలో పనితనం ఉందండీ. తలలోనే ఏమీ లేదు."

మాస్టరు బొమ్మ కూడా ఇతనే చెక్కాడు. జెండా చేతిలో పెట్టి ప్లాట్‌ఫాం చివర నిలబెడితే మాస్టరు భూతద్దంలో చూసి మొహం చిట్లించాడు. "అంత పొట్ట ఎందుకురా? అప్పట్లో సన్నగా ఉండేవాణ్ణి." ఇతను గరుకు కాగితంతో పొట్ట అరగదీశాడు. జెండాను మాత్రం ముట్టుకోలేదు.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అతను వేరే మనిషి అయ్యేవాడు. లీవరు దగ్గర గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, రెండో కొస వ్యాగను దాకా లాగేవాడు. దారం షెడ్డు గోడకు తగలాలి. తగిలేదాకా షెడ్డును ఇటూ అటూ జరిపి, కళ్లు మూసుకుని, ఆ రోజు తన కాళ్లెక్కడున్నాయో గుర్తు చేసుకుని, మళ్లీ జరిపేవాడు. చివరికి జిగురు పెట్టి అతికించాక బల్ల అంచుకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, లీవరు ఎత్తు నుంచి చూశాడు. గోడ, దానికి ఆ పక్కన జెండా పట్టుకున్న మాస్టరు. అంతే, ఇంకేమీ లేదు. అతనికి ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని పనిలో పడ్డాడు.

"అడ్డదిడ్డంగా పెట్టావురా ఆ షెడ్డు" అన్నాడు మాస్టరు. "ముందు నిలబడి చూసేవాడికి దాని వీపే కనబడుతోంది. నా స్టేషను సగం దాక్కుపోయింది."

"అక్కడే ఉండేది సార్."

"ఉండేదిలే. చూడముచ్చటగా ఉండద్దూ?"

"అక్కడే ఉండేది సార్" అన్నాడు మళ్లీ. ఎందుకో చెప్పలేదు. చెబితే మాస్టరు షెడ్డునే పీకించేస్తాడని భయం. నోట్లో నాలుక లేనివాడు జీవితంలో ఒక్కసారి తెలివిగా ఉందామనుకున్నాడు, ఆ తెలివే అతని కొంప ముంచింది.

ఆఖరున వ్యాగను తలుపులో బావమరిదిని పెట్టాడు. పళ్లు కుట్టుకునే పుల్ల కొసను చెక్కిన బొమ్మ. బస్తా భుజానికెత్తుతున్నట్టు నడుం కాస్త వంచాడు. వాడు ఆ రోజు వేసుకున్న పచ్చ చొక్కా రంగు దొరికేదాకా ఎన్ని రంగులు కలిపాడో లెక్కలేదు. భార్య చూస్తే గుర్తుపట్టాలి. గోడ చూశాక ఆవిడ ఇటు తిరిగి వచ్చి, తమ్ముణ్ణి చూసుకుని ఏడవాలి, ఆ ఏడుపులో తన మీద కోపం ఉండకూడదు. ముసలాడు కోరుకున్నది అంతే.

రైల్వే ఉద్యోగుల క్లబ్బు హాల్లో ప్రదర్శన పెట్టారు. బల్లను ముక్కలుగా విడదీసి లారీలో తీసుకెళ్లారు. హాల్లో మళ్లీ అమర్చడానికి మాస్టరు తన అల్లుణ్ణి పెట్టుకున్నాడు, ఇతన్ని పిలవలేదు. పని అయిపోయాక పనివాణ్ణి ఎవరు పిలుస్తారు?

ప్రదర్శన రోజు భార్య ఉతికిన బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. రోడ్డు దాటేటప్పుడు అతని మోచెయ్యి పట్టుకుంది. తమ్ముడు పోయాక ఆ చెయ్యి అతన్ని తాకడం అదే మొదలు. దాటాక కూడా వెంటనే వదల్లేదు.

"నిజంగానే కనబడకపోతే," అంది రోడ్డు వైపు చూస్తూ, "ఇన్నాళ్లూ నేను నిన్ను అన్నవన్నీ..." అని ఆగిపోయింది.

"అవన్నీ ఇప్పుడెందుకు, పద" అన్నాడు. చాలా ఏళ్లకు అతని నడకలో హుషారు కనిపించింది.

హాలు కిటకిటలాడుతోంది. చిన్న రైలు గుండ్రంగా తిరుగుతోంది. మాస్టరు టై కట్టుకుని పాత అధికారుల మధ్య నిలబడి, "అంగుళం తేడా లేదండీ, ఆ రోజు ఎలా ఉండేదో అలాగే" అని చెబుతున్నాడు. వడ్రంగి ఎవరినీ చూడలేదు. భార్యను లీవరు వైపు అంచుకు తీసుకెళ్లి, రుమాలు నేల మీద పరిచి, మోకాళ్ల నొప్పులున్న ఆవిణ్ణి చేయి పట్టి కూర్చోబెట్టాడు.

"చెంప బల్లకు ఆనించు. ఒక కన్ను ముయ్యి. ఆ చిన్న లీవరు పక్కనుంచి చూడు. నేను నిలబడ్డది అక్కడే."

ఆవిడ చూసింది. అతను ఆవిడ వెనక నిలబడి, గోడ అనే మాట కోసం ఎదురుచూశాడు.

"పచ్చ చొక్కా" అంది ఆవిడ.

"ఏమిటి?"

"పచ్చ చొక్కా వేసుకున్నాడు. బస్తా ఎత్తుతున్నాడు. ఎంత బాగా కనబడుతున్నాడో."

అతను వంగి చూశాడు. షెడ్డు అక్కడ లేదు. బెత్తెడు పక్కకు జరిగి, స్టేషను భవనానికి అడ్డం తొలగి, చూడముచ్చటగా నిలబడి ఉంది. లీవరు నుంచి వ్యాగను దాకా దారం లాగితే తగలడానికి గడ్డిపోచ కూడా లేదు.

"జరిపారు" అన్నాడు. "షెడ్డు జరిపారే. నేను పెట్టింది ఇక్కడ కాదు."

ఆవిడ బల్ల పట్టుకుని తనే లేచింది. అతను జనాన్ని తోసుకుంటూ మాస్టరు దగ్గరికి పోయాడు.

"సార్, షెడ్డు జరిపారు. మా ఆవిడకి ఒక్క మాట చెప్పండి సార్. జరిపామని ఒక్క మాట."

మాస్టరు అధికారుల వైపు చూశాడు. అంగుళం తేడా లేదని అప్పుడే అన్నాడాయన. ఆ మాట వెనక్కి తీసుకోవడం కంటే ఈ మనిషిని తొక్కడం తేలిక, అలవాటైన పని కూడా.

"ఏమీ జరపలేదురా. ఎక్కడున్నది అక్కడే ఉంది." అధికారులకు నవ్వుతూ పరిచయం చేశాడు. "మా పాత పాయింట్స్‌మన్ అండీ. అప్పట్లో ఆ ప్రమాదం వీడి చేతి మీదే జరిగింది. పాపం, అప్పట్నుంచీ కాస్త ఇలాగే ఉంటాడు."

వాళ్లలో ఒకాయన ఉత్సాహంగా వంగి లీవరు పక్కనుంచి చూసి, "కనిపిస్తోందే" అన్నాడు.

వడ్రంగి బల్ల మీదికి వాలి, షెడ్డు ఒకప్పుడు ఉన్న చోట గోళ్లతో గీకడం మొదలుపెట్టాడు. కొత్తగా చల్లిన ఆకుపచ్చ పొట్టు లేచిపోయింది. కింద ఎండిన పాత జిగురు, షెడ్డు అడుగు ఆకారంలో, నాలుగు మూలలతో సహా బయటపడింది. "ఇదిగో, ఇక్కడ. ఇదిగో జిగురు, చూడండి" అన్నాడు. ఎవరూ జిగురు చూడలేదు. ఖరీదైన బొమ్మను పాడుచేస్తున్న ముసలివాణ్ణి చూశారు. మాస్టరు అల్లుడు వెనకనుంచి రెక్క పట్టి లాగాడు. "వీడికి పిచ్చి ముదిరింది, బయటికి పంపించండి" అన్నాడు మాస్టరు.

ఆ సందట్లో భార్య బల్ల అటు చివరికి నడిచింది. వ్యాగను తలుపులోంచి పచ్చ చొక్కా బొమ్మను రెండు వేళ్లతో ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు.

తిరుగు దారిలో ఆవిడ ముందు నడిచింది, అతను వెనక నడిచాడు. రోడ్డు దాటేటప్పుడు ఎవరి మానాన వాళ్లు దాటారు. "జిగురు ఉంది, నేను చూపిస్తుంటే నువ్వు చూడలేదు" అన్నాడు అతను రెండు మూడుసార్లు. ఆవిడ నడక ఆపలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ చేతులు కడుక్కుని వంట చేసింది, పళ్లెం పెట్టింది. ఈసారి పళ్లెంతో పాటు మాట రాలేదు. అతను అన్నం కలపకుండా కూర్చున్నాడు. ఆవిడ గుప్పిట విప్పి, బొమ్మను కిటికీ గూట్లో అతని మంచానికి ఎదురుగా నిలబెట్టింది. అది వాలిపోతుంటే అతని సంచిలోంచే జిగురు తీసి, కాళ్ల కింద రాసి, ఆరేదాకా వేలితో పట్టుకుంది.

"ఇక్కడ అడ్డం ఏమీ లేదు కదా" అంది.

అతని గోళ్లలో ఇంకా ఆకుపచ్చ పొట్టు ఉంది.

"కనబడుతున్నాడా?"

అతను తలెత్తి చూశాడు.

"కనబడుతున్నాడు" అన్నాడు.