బోరు వైపు నడిచిన చెట్టు

చేలో నిలబడి చావు మాట ఎత్తకూడదని తిరుపతిరావుగారి పట్టుదల. ఎండిపోయిన మొక్కని కూడా చచ్చిందని అననిచ్చేవారు కాదు. అలాంటి కబుర్లేవైనా ఉంటే గట్టు దాటాక చెప్పుకోవాలట. మొక్కల మీద పరిశోధన చేసే నాకు ఇవన్నీ వింటే ఒళ్ళు మండేది. మీ చాదస్తం మీరూనూ అని విసుక్కుంటే ఆయన నవ్వి ఊరుకునేవారు.

చందర్లపాడు దాటాక ఏటి వైపు ఆయనకి నాలుగెకరాల కొబ్బరితోట. దాని నీడన కోకో వేశారు. మిర్చీ, పత్తీ పండే చోట చాక్లెట్ చెట్టేమిటని ఊరంతా నవ్వింది. మా మెట్టలో రోహిణి కార్తె వస్తే రోళ్ళు పగలడం వట్టి సామెత కాదు. ఆ ఎండకి తట్టుకునే రకం దొరుకుతుందేమోనని పదకొండేళ్ళ క్రితం జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి ఆయన తోటకి వెళ్ళాను. ఆయన మొక్కల మధ్య నావి యాభై నాటి, ఒక్కోదానికి రేకు ముక్క మీద నంబరు కొట్టి రాగితీగతో కట్టాను.

మొదటి వేసవికే నలభై తొమ్మిది మాడిపోయాయి. బోరు గట్టు మీద కూలబడి ఏడ్చాను. మిగిలింది నలభై ఏడో నంబరు ఒక్కటే. అది కూడా పోతే ఇక ఈ ఊరి మొహం చూడనని అన్నాను. తిరుపతిరావుగారు బొండం కొట్టి చేతికిచ్చారు.

ఆ చెట్టు పోలేదు. ఏటా రెండుసార్లు వెళ్ళి కొలిచేదాన్ని. వాళ్ళావిడ సుబ్బమ్మ పిన్ని నాకోసం గోంగూర పచ్చడి దాచేది. పోనుపోను ఆయన నాకు బాబాయ్‌గారయ్యారు.

కోకోతోటలోకి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా వెళ్ళి చూడాలి. బయట కళ్ళు బైర్లు కమ్మే ఎండ, లోపల మునిమాపు చీకటి. మోకాలి లోతున రాలిన ఆకులు. గాలి లేకపోయినా అవి ఎవరో నడుస్తున్నట్టు గలగలమంటాయి, మనం ఆగితే ఆగుతాయి. కాయలు కొమ్మలకి కాకుండా మాను బోదెలకే అంటుకుని వేలాడుతుంటాయి. పరిశోధన ఎంత చేస్తే ఏం, నాకు వెన్ను జలదరించేది.

పైగా ఆ నలభై ఏడు. మొదటేడు బోరు నుంచి దానికి నలభై అంగలు. తర్వాతొకసారి ముప్ఫై ఏడు. ఇంకో రెండేళ్ళకి ముప్ఫై నాలుగు. చుట్టుకొలత పెరగాల్సింది పోయి తగ్గేది. దాహమేసి బోరు దగ్గరికి నడిచొస్తోందా అని నవ్వుకోబోయాను, నవ్వు రాలేదు. ఎవరితోనైనా అంటే పిచ్చిదన్నుకుంటారు. తప్పు నా టేపుదేనని రిజిస్టర్లో అంకెలు నేనే దిద్దాను. చెట్టుని నమ్మాలో పుస్తకాన్ని నమ్మాలో తెలియక పుస్తకాన్ని నమ్మిన బుద్ధిమంతురాలిని.

ఈ వేసవిలో ఆ చెట్టు అంటుమొక్కలు వందమంది రైతులకి ఇవ్వాలని సిద్ధం చేశాను. బాబాయ్‌గారు అప్పటికి పక్షవాతంతో మూడు నెలలుగా నందిగామలో కూతురింట్లో మంచం మీదున్నారు. అంట్ల సంగతి చెప్పి సంతోషపెడదామని వెళ్తే ఆయన ముఖం పాలిపోయింది.

"ఇవ్వమాకమ్మా. రైతులు మునుగుతారు," అన్నారు. "నీ చెట్టు రెండో ఏడే పోయింది. పీకేసి ఆకులు కప్పా. నంబరు తీసి బోరు వైపు పక్కనున్న మా మొక్కకి కట్టా. అదీ పోతే దాని పక్కదానికి. ఆరుసార్లు మార్చా. ఇది చేను కాదుగా, ఇక్కడ చెప్పొచ్చు."

"ఎందుకు బాబాయ్‌గారూ?"

"అది పోతే రానన్నావుగా."

నా పదకొండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. చప్పున లేచాను. అక్కడే ఉన్న పిన్ని దగ్గర తోట గేటు తాళంచెవి తీసుకుని నేరుగా తోటకి వెళ్ళాను. బోరు నుంచి ఇరవై రెండు అంగల్లో నంబరున్న చెట్టు నిలువునా ఎండి ఉంది. ఈసారి మార్చడానికి ఆయన లేరు. ఫొటో తీసుకున్నాను. నందిగామ తిరిగొచ్చి తాళంచెవి పిన్నికిచ్చి, ఆయన గదిలోకి తొంగి కూడా చూడకుండా వచ్చేశాను. అంట్లు ఆపించి, జరిగిందంతా పైవాళ్ళకి రాసిచ్చాను.

తొమ్మిదో రోజున ఆయన పోయారు. ఒక్క ఫోనన్నా చేసుంటే నా సొమ్మేం పోయేది? నాకీ పొగరు ఎక్కడిదో.

పెద్దకర్మయ్యాక తోటకి వెళ్ళాను. తాళం పిన్నే తీసింది. నువ్వొచ్చి వెళ్ళినప్పట్నుంచీ ఎవరూ గేటు దాటలేదు, తాళంచెవి నా బొడ్లోనే ఉందని చెప్పి బయట అరుగు మీద కూర్చుంది. సరిగ్గా మధ్యాహ్నం. లోపల ఆకులు గలగలమంటున్నాయి. నేనాగాను. అవి ఆగలేదు.

ఎండిన చెట్టు అక్కడే ఉంది. దాని మీద నంబరు లేదు. బోరు వైపు పక్కనున్న పచ్చటి చెట్టుకి ఉంది, పంతొమ్మిది అంగల్లో. రాగితీగ ఎడమవైపు మెలిపెట్టి ఉంది. బాబాయ్‌గారిది ఎడమచేతి వాటం. చెట్టుని పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వద్దన్న మాటే ఆయన చేలో నిలబడి గట్టిగా అన్నాను.

"నలభై ఏడు చచ్చిపోయింది బాబాయ్‌గారూ. అయినా వస్తా. మీరిక శ్రమపడమాకండి."

చప్పుడు ఆగింది. తీగ మెలి విప్పి రేకుని సంచిలో వేసుకున్నాను. బయటికొచ్చేసరికి సుబ్బమ్మ పిన్ని అరుగు మీద గోంగూర సీసా పెట్టుకుని కూర్చుని ఉంది, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది.