మేడంగారి సీసాలో అరుదైన రాయి

ఉద్యోగం ఇంకా ఖాయం కాని ఆ రోజుల్లో లిఫ్టు తలుపు తెరుచుకున్నా నేను కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి. అందులోంచి ఎవరు దిగుతారో, దిగినవాళ్లకి నా మీద ఏ అభిప్రాయం కలుగుతుందో అని భయం. ఇప్పటి పిల్లలు ఇంటర్వ్యూలోనే దర్జాగా వెనక్కి వాలి "ఇక్కడ నాకేం నేర్పిస్తారు?" అని అడుగుతున్నారు. వాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త కడుపుమంట కూడా. మాకా తెగువ ఎక్కడిది? డిగ్రీలో జియాలజీ చదివి, రాళ్లతో పనున్న ఉద్యోగం ఎక్కడా దొరక్క, చివరికి హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనానికి మెయింటెనెన్స్ చూసే కంపెనీలో ట్రైనీగా చేరాను. పై అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్ రాసుకుంటూ ఉంటే, వాళ్ల ఏసీలు, కుళాయిలు, బల్బులు మేం చూసుకునేవాళ్లం. (అమ్మ మాత్రం మా వీధిలో "మావాడు హైటెక్ సిటీలో చేస్తున్నాడు" అని చెప్పి అక్కడితో ఆపేది. అది అబద్ధం కాదు కదా.)

మా పై అధికారి ఒకావిడ. గుంటూరు వైపు మనిషి. చాటున మేమంతా ఆవిణ్ణి 'మెయిల్ మేడం' అనేవాళ్లం. ఎదురుగా కూర్చున్నవాడికి కూడా నోటితో చెప్పకుండా మెయిల్ పెట్టేవారు. వాడు దాన్ని తెరిచి చదివేదాకా వాడి ముఖం వైపే చూస్తూ ఉండేవారు. అలాగని చెడ్డావిడ కాదు. పాపం, ఆవిడకి విడవని తలనొప్పి. కణతలు నొక్కుకుంటూనే ఏ పంపు ఆగింది, ఏ అంతస్తులో నీళ్లు కారుతున్నాయి అన్నీ చూసుకునేవారు. నొప్పి ముదిరిన రోజున మెయిళ్లు ఎక్కువయ్యేవి, వాటిలో ఇంగ్లీషు అక్షరాలు అన్నీ పెద్దబడిలోకి, అంటే క్యాపిటల్ లెటర్లలోకి, మారిపోయేవి. నన్ను ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది ఆ నెలాఖరుకి ఆవిడే తేల్చాలి.

ఆ భవనానికి అట్టడుగున, కార్లు పెట్టే చోటుకి కూడా కింద, మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, అందరూ ఎస్టీపీ అనేది, ఉండేది. పై అంతస్తుల మరుగుదొడ్ల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. దాన్ని నడిపే ఆయన్ని మోటారన్న అనేవాళ్లం. ఒకరోజు పంపు గొట్టం ఒకటి పూడుకుపోయింది. వంపు దగ్గర కోసి చూస్తే లోపలంతా తెల్లగా, తళతళా మెరుస్తూ స్ఫటికాలు కట్టి ఉన్నాయి. మోటారన్న నన్ను కేకేసి పిలిచాడు.

"గిది జూడు సార్. పైపుల పటికబెల్లం కాసింది."

పంపు కంపెనీ ఇంజినీరుకి ఫోటో పంపితే, అది స్ట్రువైట్ అనీ, మురుగు గొట్టాలకి పట్టే పీడ అనీ, గీకి పారేయమనీ చెప్పాడు. ఆ పేరు వినగానే నా గుండె ఝల్లుమంది. స్ట్రువైట్! మా పుస్తకంలో ఫాస్ఫేట్ ఖనిజాల అధ్యాయం చివర నాలుగు వాక్యాల్లో ఉంటుంది. మా కాలేజీ మ్యూజియంలో కూడా దాని నమూనా లేదు. జియాలజీ వదిలేశాక మళ్లీ ఒక ఖనిజం నన్ను పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. అందులోంచి బొటనవేలంత స్ఫటికం ఒకటి, శవపేటిక మూతలా నున్నగా వాలిన అంచులున్నది, జాగ్రత్తగా ఊడదీశాను. సబ్బుతో కడిగాను, బ్లీచింగ్ నీళ్లలో ముంచాను, మళ్లీ సబ్బుతో కడిగాను. తీసుకెళ్లి నా టేబుల్ మీద కంప్యూటర్ పక్కన పెట్టుకుని రోజంతా మురిసిపోయాను.

సాయంత్రం మెయిల్ మేడం అటుగా వెళ్తూ ఆగారు. రాయిని చేతిలోకి తీసుకుని "ఇదేంటయ్యా?" అన్నారు. అంతే, నాకు ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ముందు నిలబడ్డట్టే అయింది. మాకు కాలేజీలో ఒక వరస నూరిపోశారు. ఏ ఖనిజాన్ని చేతికిచ్చినా ముందు పేరు, తర్వాత రంగు, మెరుపు, గట్టిదనం, బరువు, ఇలా ధర్మాలన్నీ అయ్యాకే ఆఖరున 'లభ్యత', అంటే అది ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. వరస తప్పితే మార్కులు పోతాయి. లేచి నిలబడి అందుకున్నాను. "స్ట్రువైట్ మేడం. ఫాస్ఫేట్ ఖనిజం అండి. రంగు ఉండదు, ఒక్కోసారి లేత పసుపు. మెరుపు గాజు లాంటిది. చాలా మెత్తన, గోటితో గీసినా గీత పడుతుందండి. నీళ్లకంటే బరువే గానీ మామూలు రాళ్లంత కాదు. ఇంత స్వచ్ఛమైన స్ఫటికం దొరకడం చాలా అరుదండి..." ఇక లభ్యత చెబుదామని ఊపిరి తీసుకున్నాను. ఆవిడ ఫోన్ మోగింది. "అరుదైనదా, బాగుంది. ఇది నేను తీసుకుంటున్నా" అని, ఫోన్ చెవికి ఆనించుకుని, రాయితో సహా వెళ్లిపోయారు. పేపర్లు ఎగరకుండా బరువుకి పెట్టుకుంటారు కాబోలు అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆవిడ గది అద్దంలోంచి చూశాను. టేబుల్ మీద పొడవాటి గాజు సీసా. సీసా నిండా మంచినీళ్లు. నీళ్ల అడుగున నా స్ట్రువైట్. నేను చూస్తూ ఉండగానే ఆవిడ మూత తీసి గటగటా తాగారు.

తర్వాత తెలిసింది, ఆవిడ ఏదో శిక్షణ తరగతికి వెళ్తే అక్కడ స్ఫటికం వేసిన నీళ్లు తాగితే ఒంట్లో వేడీ, మనసులో దిగులూ పోతాయని చెప్పారట. మా ఐటీ కారిడార్లో ఆ సీజన్లో అదొక వెర్రి. నిజానికి ఆ రాయి వల్ల భయం లేదు, అందులో ఉన్నది మెగ్నీషియం, అమోనియం, ఫాస్ఫేటే. కానీ పుట్టిన చోటు? నేనెంత కడిగినా ఏ మూల ఏ క్రిమి మిగిలిందో ఎవడికి తెలుసు? ఆవిడకేమైనా అయితే? అయితే గియితే అది నా టేబుల్ మీది రాయే కదా. ఉద్యోగం సంగతి అటుంచి పోలీసుస్టేషన్ దాకా ఊహించుకున్నాను. అమ్మ మా వీధిలో ఏం చెప్పుకుంటుందో అని కూడా.

కిందికి పరుగెత్తి మోటారన్నకి చెప్పాను. ఆయన గోడకి ఆనుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"గమ్మునుండు సార్. ఆమెకు ఏం గాలే గదా. జెప్పినవనుకో, నిన్నూ తీసేస్తది, పైపు ఎవడు కోసిండని నన్నూ తీసేస్తది."

"ఆవిడకి జబ్బు చేస్తే, అన్నా?"

"గప్పుడు జూద్దాం. జర ఓపిక పట్టు."

ఓపిక ఎక్కడిది? ఆవిడ తాగే గుక్కలన్నీ అద్దంలోంచి లెక్కపెట్టేవాణ్ణి. ఆవిడ తుమ్మితే నాకు చెమట పట్టేది. ఒకరోజు ఆవిడ ఆఫీసుకి రాలేదు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. (పిల్లవాడి స్కూల్లో మీటింగుకి వెళ్లారని సాయంత్రం తెలిసింది. వెంటనే క్యాంటీన్‌కి వెళ్లి రెండు ప్లేట్ల పులిహోర తిన్నాను.) చెప్పేద్దామని రెండుమూడుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. ఒకసారి ధైర్యం చేసి "మేడం, ఆ రాయి నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుందండి" అన్నాను. ఆవిడ చిరునవ్వు నవ్వి "తెలుసయ్యా, మన బాధలన్నీ పీల్చుకుని అదే కరుగుతుందట" అన్నారు.

దీనికి తోడు ఇంకో చిక్కు వచ్చిపడింది. మేడం తలనొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది. కణతలు నొక్కుకోవడం మానేశారు. మెయిళ్లు పల్చబడ్డాయి, ఉన్నవి చిన్నబడిలోకి దిగాయి. ఒకరోజు ఎలక్ట్రీషియన్‌ని నోటితోనే పిలిచి, పేరు పెట్టి మరీ మాట్లాడారు. ఫ్లోరు ఫ్లోరంతా పండగ. అందరూ ఆ సీసా వైపు భక్తిగా చూస్తూ ఉంటే నేనొక్కణ్ణే దాన్ని చూసి వణికేవాణ్ణి.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. మదీనాగూడలో పూజాసామాన్లు అమ్మే కొట్టుకి వెళ్లి, దాదాపు అదే ఆకారంలో ఉన్న అసలు సిసలు స్ఫటికాన్ని కొన్నాను. భోజనాల వేళ మేడం గదిలో ఎవరూ లేనప్పుడు దూరి, సీసా మూత తీసి, పాతది తీసి కొత్తది వేసేస్తే పీడ వదులుతుంది. లోపలికి వెళ్లాను. మూత తీశాను. రెండు వేళ్లు సీసా మెడలో పెట్టాను. వెనక తలుపు చప్పుడైంది.

"నీక్కావాలా? అడగొచ్చు కదయ్యా," అన్నారు మేడం. కోపంగా కాదు, ఎంతో ఆప్యాయంగా అన్నారు. నా చేతిలోంచి సీసా తీసుకుని గ్లాసులో నిండుగా పోసి నా ముందు పెట్టారు. "కూర్చో. ఎలాగూ ఇవాళ నీ కన్ఫర్మేషన్ సంగతి మాట్లాడదామనుకున్నా. ముందు తాగు, టెన్షన్ తగ్గుతుంది. ఈ రాయి నువ్విచ్చిందే కదా, నీ మేలు మరిచిపోలేను. ఇన్నేళ్లలో ఇంత హాయిగా ఎప్పుడూ లేను, తెలుసా?"

గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లాను. తాగేస్తే ఉద్యోగం ఖాయం. ఆవిడ నా వైపు అమ్మ చూసినట్టు చూస్తున్నారు. ఆ చూపు చూస్తూ తాగలేకపోయాను. గ్లాసు కింద పెట్టేశాను.

"మేడం, దీని లభ్యత చెప్పలేదండి."

"ఏంటది?"

"ఎక్కడ దొరుకుతుందో అండి. ఇది మన ఎస్టీపీ గొట్టంలో దొరికిందండి."

ఆవిడ సీసా వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్లీ సీసా వైపు చూశారు. "కడిగావా?" అన్నారు. "కడిగానండి. బ్లీచింగ్ కూడా వేశానండి." "మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" "వరసలో అది ఆఖరున వస్తుందండి. ఈలోగా మీకు ఫోన్ వచ్చిందండి." ఆవిడ బ్యాగు తీసుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లిపోయారు. నేను నా టేబుల్ సొరుగు ఖాళీ చేసుకుని, సామాన్లు కవర్లో పెట్టుకుని, రెండు రోజులు ఆ కవరు కాళ్ల దగ్గరే ఉంచుకుని పనిచేశాను. మూడోరోజు మెయిల్ వచ్చింది. పరీక్షల్లో ఏ దోషమూ లేదట. నా ఉద్యోగం ఖాయమట. ఇకమీదట ఏ వస్తువు గురించి చెప్పినా అది ఎక్కడిదో ముందు చెప్పి, మిగతా గుణగణాలు తర్వాత చెప్పాలట. ఆ చివరి వాక్యం మొత్తం పెద్దబడి అక్షరాల్లో ఉంది. వాష్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు.

ఆ విషయం మేడం ఎవరితోనూ అనలేదు, నేనూ అనలేదు. సీసా మాయమైంది. నెల తిరక్కుండానే ఆవిడ తలనొప్పి మళ్లీ వచ్చింది, దాని వెనకే మెయిళ్లూ వచ్చాయి. ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి కూర్చోమన్నారు. కణతలు నొక్కుకుంటూ, నా ముఖం వైపు చూడకుండా, మెల్లగా అడిగారు.

"అదే రాయి... ఇంకెక్కడైనా, కాస్త మంచి చోట దొరుకుతుందా?"

నేను లేచి నిలబడ్డాను. పరీక్ష కదా మరి. "గబ్బిలాలున్న గుహల్లో దొరుకుతుందండి, రెట్టల్లో. పాత పెంటదిబ్బల్లో కూడా. ఒక్కోసారి పశువుల మూత్రాశయంలో రాయిగా..." అని లభ్యత మొత్తం, ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాను. ఆవిడ "సరేలే, వెళ్లు" అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే రెండు చేతుల్లో తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ వయసులో నాకు నిజం చెప్పానన్న సంతోషం తప్ప ఇంకేం కనపడలేదు. ఇప్పుడు నాకూ అడపాదడపా తలనొప్పి వస్తోంది. ఇప్పుడు గనక ఆవిడ అలా అడిగితే, మదీనాగూడలో కొన్నాక నా జేబులోనే ఉండిపోయిన ఆ స్ఫటికాన్ని ఆవిడ చేతిలో పెట్టి, హిమాలయాల్లో దొరికిందండి అని చెప్పేవాణ్ణి.