ముద్దాయి వేషం

మా చిన్నాన్న లా కాలేజీలో అటెండరు. ఇరవై ఆరేళ్లు తలుపులు తీశాడు, బెంచీలు తుడిచాడు, గంట కొట్టాడు. అయినా కాలేజీలో ఆయన్ని ఎవరూ అటెండరని పిలవలేదు. ముద్దాయి గారూ అనేవారు.

ఏటా ఆఖరి సంవత్సరం పిల్లలు హాల్లో ఉత్తుత్తి కోర్టు పెడతారు. కొందరు ప్రాసిక్యూషన్ తరఫున, కొందరు డిఫెన్స్ తరఫున వాదిస్తారు. పెద్ద లెక్చరరు జడ్జి. ఒక ఏడాది ముద్దాయిగా నిలబడాల్సిన కుర్రాడు రాలేదు. తలుపు దగ్గరున్న చిన్నాన్నను లాక్కెళ్లి బోనెక్కించారు. బోనంటే పాత మెట్ల కటకటాలు కోసి రంగు వేసిందే. చిన్నాన్న రెండు చేతులూ చెక్క మీద ఆనించి, తల కాస్త వంచి, రెండు గంటలు కదలకుండా నిలబడ్డాడట. ఇక ఆ తర్వాత ఇంకెవరినీ వెతకలేదు.

"ముద్దాయి గారూ, ఈసారి ఉరి తప్పదు మీకు!" అని పిల్లలు మెట్ల మీద ఆటపట్టించేవారు.

"నాలుగుసార్లు వేశారు బాబూ, మెడ అలవాటు పడిపోయింది," అనేవాడు.

నాన్న పోయి నా చదువు పదో తరగతిలో ఆగిపోయాక, కాలేజీ మెట్ల కింది జిరాక్స్ గదిలో నన్ను కూర్చోబెట్టింది చిన్నాన్నే. నలుగురిలో నాకు మాట పెగలదు. కాగితం పెట్టి మీట నొక్కడానికి మాటలక్కర్లేదు. పెద్ద లెక్చరరు గారు రాసిన పుస్తకంలో మూడో అధ్యాయం కొన్ని వందలసార్లు తీసి ఉంటాను. పరీక్షలో తప్పకుండా వస్తుందట. తీస్తూ తీస్తూ మొదటి వాక్యం కంఠతా వచ్చేసింది. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరికీ శిక్ష వేయకూడదు.

ఉత్తుత్తి కోర్టులో కూడా వాదనలన్నీ అయ్యాక ఆయన కళ్లద్దాలు తీసి, "నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?" అని అడిగేవారు. అప్పటిదాకా ముద్దాయి నోరు విప్పకూడదు. అడిగాక చిన్నాన్న పిల్లలు రాసిచ్చిన రెండు ముక్కలు చెప్పేవాడు.

పోయిన ఏడాది పరీక్షలకు వారం ముందు ప్రశ్నపత్రాల కవరు సీలు విరిగింది. బుధవారం పొద్దున పదకొండింటికి చూసినప్పుడు బాగానే ఉంది, మూడింటికి చూస్తే విరిగి ఉంది. ఆ కవరు పెట్టిన బీరువా తాళాలు ఉండేది చిన్నాన్న దగ్గర. కానీ ఆ రోజు పదిన్నరకే ఆయన తాళాలగుత్తి ఆఫీసు గుమస్తా చేతికిచ్చి, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నాలుగింటికి గానీ తిరిగి రాలేదు. ఆసుపత్రి చీటీ మీద తారీఖుంది, వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఉన్నాయి, వెంట వచ్చినవారి గడిలో చిన్నాన్న సంతకం ఉంది. గుమస్తా మాత్రం తాళాల ఊసే ఎత్తలేదు.

ఎంక్వైరీకి ముగ్గురిని వేశారు. వాళ్లకు పెద్ద, పెద్ద లెక్చరరు గారే. ఎంక్వైరీ రోజు చిన్నాన్న ఉత్తుత్తి కోర్టుకు వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, చీటీ జేబులో పెట్టుకుని, ప్రిన్సిపాల్ గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా నా కిటికీలోంచి చూసి, ఉండబట్టలేక వెళ్లాను.

"లోపలికి పోయి చెప్పరాదా చిన్నాన్నా?"

"పిలుస్తారే. అడక్కుండా ముద్దాయి మాట్లాడకూడదు."

"ఇది ఆ కోర్టు కాదు కదా."

"నేననేదీ అదే. ఆటలోనే అడిగేవాళ్లు అసలుదాంట్లో అడగరా?"

నేనైనా తలుపు తట్టాల్సింది. చెయ్యి లేచింది కూడా. లోపల ఎవరో నవ్వారు. దించేశాను.

ఐదింటికి గుమస్తా ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. హాజరు కోసమనుకుని చిన్నాన్న పెట్టేశాడు. దాని నకలు ఇంటికొచ్చాక నేను చదివాను. అటెండరు చెప్పినదంతా విన్నామనీ, ఉద్యోగంలోంచి తీసేస్తున్నామనీ అందులో ఉంది.

"నోరు కుట్టేశారా మీకు?" అంది పిన్ని. "పొద్దుట్నుంచి కూర్చుని ఒక్క ముక్క చెప్పకుండా వస్తారా?"

"అడగలేదే," అన్నాడు చిన్నాన్న.

ఆ తర్వాత ఏడాదంతా ఆ ఒక్క మాటే. అన్నం ముందు కూర్చుని, చెప్పులు వేసుకుంటూ, ఎవరూ ఏమీ అనకపోయినా, అడగలేదే అనేవాడు. చొక్కా ఉతకడానికి పిన్ని చీటీ తీసి పెడితే, ఆరిన చొక్కాలో మళ్లీ తనే పెట్టుకునేవాడు.

ఈ ఏడాది ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చారు. "ముద్దాయి గారూ, మీరు లేకపోతే కేసు నడవదండీ."

"తీసేసిన మనిషితో మళ్లీ ఆటలా?" అని పిన్ని తలుపు వేయబోయింది.

చిన్నాన్న తలుపు పట్టుకున్నాడు. "ఏం కేసు బాబూ?"

"సైకిలు దొంగతనమండీ."

"జడ్జి?"

"పెద్దసారే."

"వస్తాను."

నేను హాలు వెనక తలుపు దగ్గర నిలబడి చూశాను. చిన్నాన్న ఎప్పటిలాగే చేతులు చెక్క మీద ఆనించాడు. మనిషి తగ్గాడేమో, చొక్కా భుజాలు జారిపోతున్నాయి. సాక్షులైపోయారు, వాదనలైపోయాయి. పెద్ద లెక్చరరు గారు కళ్లద్దాలు తీశారు.

"నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?"

"ఉందండీ." చిన్నాన్న తలెత్తాడు. "ఆ బుధవారం నేను కాలేజీలో లేనండీ. తాళాలు పదిన్నరకే ఆఫీసులో ఇచ్చేశాను. మా అన్న కూతురికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇదిగోండి చీటీ."

పిల్లలు రాసిచ్చిన ముక్కలు అవి కావు. డిఫెన్స్ అమ్మాయి తన కాగితాలు గబగబా తిరగేసింది. ముద్దాయి గారు సొంతంగా కల్పించారనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత హాలంతా కొట్టింది. పెద్ద లెక్చరరు గారు కొట్టలేదు. కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చాలాసేపు చూశారు. చివరికి, "రికార్డులో చేర్చండి," అన్నారు, ఎవరివైపూ చూడకుండా.

కేసు కొట్టేశారు. సైకిలు కేసు.

కోర్టు గుమస్తా వేషం వేసిన అమ్మాయి చీటీ మీద పెన్సిలుతో అంకె వేసి, నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, రెండు కాపీలు. రెండు పక్షాలకూ ఇవ్వాలి." చీటీ మడతల దగ్గర చిరిగి, గుడ్డలా మెత్తబడి ఉంది. నా గదికి తీసుకెళ్లి, మిషను అద్దం మీద పరిచి, చేత్తో చదును చేసి, మూడు తీశాను.

బయటికొచ్చేసరికి చిన్నాన్న అదే బెంచీ మీద ఉన్నాడు. ఖాళీ జేబు తడుముకుంటున్నాడు.

"అడిగారే," అన్నాడు నన్ను చూసి.

మూడో కాపీ మడిచి ఆయన జేబులో పెట్టాను.