మేనమామకు మార్కులు వేసిన సారంగపాణి

సారంగపాణి పోయి ఏడాది కావస్తోంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇవాళ్టికీ మరమగ్గం ముందు నిలబడితే ఎడమ చేయి వీపు వెనక పెట్టుకుంటారు. తెలియనివాళ్లకు అది దర్జాలా కనిపిస్తుంది. ఆ చేతిని అక్కడికి చేర్చడానికి సారంగపాణి ఎంత అవస్థ పడ్డాడో ఆ కళాశాలలో ఉన్నవాళ్లకే తెలుసు.

పనులు నేర్పే ఆ కళాశాల అంటే పెద్ద భవనమేమీ కాదు. సుబేదారిలో అద్దెకు తీసుకున్న పాత వడ్ల గోదాము. పగలంతా పొలంలోనో హమాలీ పనిలోనో ఉన్నవాళ్లు సాయంత్రం ఐదున్నరకు కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. ఒక మూల ఫిట్టర్లు, ఒక మూల కరెంటు పని నేర్చేవాళ్లు, వెనక రేకుల షెడ్డులో సారంగపాణి నేర్పే రెండు మరమగ్గాలు. ఆ మగ్గాలు ఇచ్చింది మిల్లు యజమాని రాజేశ్వర్ రావు. పరీక్ష రోజు తానే వచ్చి, నచ్చినవాళ్లను అక్కడికక్కడే పనిలోకి తీసుకునేవాడు.

రైతుల పిల్లలకు మరమగ్గం మూడు నెలల్లో పట్టుబడేది. కష్టమంతా నేతవాళ్లతోనే. చేతిమగ్గం మీద నేసేవాడు పోగును గుడ్డకు బిగించే పలకను పదిసార్లు తట్టాక ఒకసారి అరచేత్తో గుడ్డను నిమిరి బిగువు చూసుకుంటాడు. అది ఎవరూ నేర్పరు, పుట్టుకతో వచ్చినట్టు వస్తుంది. మరమగ్గం పలక మనిషి కోసం ఆగదు. నిమిషానికి నూటయాభై సార్లు వచ్చి కొడుతుంది. బిగువు చూడాలంటే ముందు మగ్గాన్ని ఆపాలి. అందుకే పరీక్ష కాగితంలో జాగ్రత్తకు వేరే గడి ఉండేది. అందులో తప్పితే మిగతా మార్కులన్నీ వృథా.

ఎనభై ఒకటిలో ఎల్లస్వామి వచ్చాడు. సారంగపాణికి సొంత మేనమామ, వేలు పట్టి నేత నేర్పిన మనిషి. వయసు యాభైకి దగ్గర.

"అల్లుడా, నన్ను గూడ బడిల ఏసుకుంటవా?"

"నాకు నేర్పినోనివి నువ్వు. నీకు నేనేం నేర్పుత మామా?"

"సొసైటీల నూలు రాక నాలుగు నెలలాయె. మిల్లుల చేరాల్నంటె కాయితం కావాల్నట. గా కాయితం నీ చేతిలున్నది."

చేరాడు. వెనక బల్ల మీద పిల్లల మధ్య కూర్చునేవాడు. "తాతా, పెన్సిలు చెక్కియ్యాల్నా?" అని యాదగిరి అనే కుర్రాడు అడిగితే, "నీ చెవులు చెక్కుత, జర జరుగు" అనేవాడు. షెడ్డులో అల్లుణ్ణి "సార్" అని పిలిచి తానే పడీపడీ నవ్వేవాడు. కానీ మగ్గం నడుస్తుంటే ఆయన అరచేయి మాటిమాటికీ గుడ్డ మీదికి పోయేది.

"చేయి, మామా, చేయి!"

"ముట్టుకోకుంట గుడ్డను ఎట్ల నమ్మాలె సార్?"

"బందు పెట్టి ముట్టుకో."

పరీక్ష రోజు ఎల్లస్వామి అరగంట సేపు నేశాడు. ఒక్క పోగు తెగలేదు. రాజేశ్వర్ రావు వంగి గుడ్డనే చూస్తున్నాడు. ఆఖరి నిమిషంలో అంచు కొంచెం వదులైనట్టుంది. వీపు వెనక పెట్టుకున్న ఎడమ చేయి కదిలింది, నడుస్తున్న మగ్గం మీదికి పోయి గుడ్డను నిమిరి వెనక్కి వచ్చింది. పలకకూ వేళ్లకూ మధ్య వడ్లగింజ సందు కూడా లేదు. తన చేయి వెళ్లిందని ఎల్లస్వామికే తెలియదు.

"గీ చేయి నాకు కావాలె సారంగపాణీ. రేపటి సంది పంపియ్యి" అన్నాడు రాజేశ్వర్ రావు.

"ఫెయిలయిండు సార్."

"ఏంది? నేను చూస్తనే ఉన్న గద!"

"మీరు గుడ్డ చూసిన్రు. నేను చేయి చూసిన."

ఎల్లస్వామి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎల్లస్వామి భార్య సమ్మమ్మ సారంగపాణి ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. "ఏమయ్యా సారూ! మగ్గం గుంటల కాళ్లు అందకపోతె ఒళ్లె కూసుండబెట్టుకొని నేర్పిన మనిషిని ఫెయిల్ జేసినవట. మీ అమ్మ ఉంటె నీ మొఖం చూసునా?"

"పాసని రాస్తె మామ మిల్లుకు పోతడు అత్తా. ఆడ పక్కన నేనుండ. చేతి ఏళ్లు పోతె ఎవలు తెత్తరు?"

"గీ ముచ్చట ఆయనకు చెప్పినవా?"

"చెప్పలే."

"మరి పోయి ఆయనకు చెప్పు. నాకెందుకు చెప్తవ్!"

వెళ్లి చెప్పాడు. ఎల్లస్వామి చాలాసేపు తన ఎడమ అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మళ్లీ పరీక్షకు ఆరు నెలల గడువుంది. ఎక్కడో అప్పు చేసి నూలు తెచ్చి ఇంటి మగ్గమెక్కాడు. పక్కన సమ్మమ్మ వెదురుబద్ద పట్టుకుని కూర్చునేది. చేయి గుడ్డ మీదికి పోతే మణికట్టు మీద ఒక్కటి పడేది. "మీ అత్త ఇరువై ఐదేండ్ల కోపం తీర్చుకుంటాందిరా" అనేవాడు అల్లుడికి వాచిన చేయి చూపించి. "ఇంక మిగిలే ఉన్నది, మంచిగ నెయ్యి" అనేది ఆమె.

రెండోసారి చేయి వెనకనుంచి కదలలేదు. సారంగపాణి పాసని రాసి సంతకం పెట్టాడు. ఎల్లస్వామి మిల్లులో చేరాడు. పని మానేదాకా ఒక్క వేలికీ గాటు పడలేదు.

చేరిన ఏడాదికి ఒక ఆదివారం సారంగపాణి వెళ్లేసరికి మేనమామ మగ్గంలో ఉన్నాడు. మనవరాలికి పరికిణీ గుడ్డ. అంచు ఒకవైపు వదులుగా, ఒకవైపు గుంజుకుని వస్తోంది. అలాంటి గుడ్డ ఆ ఇంట్లో ఎప్పుడూ దిగలేదు.

"రమ్మంటె వత్తలేదు అల్లుడా" అన్నాడు ఎడమ చేతిని ఎత్తి చూపి. "గుడ్డ మీద పెట్టినా ఏం చెప్తలేదు. అలిగింది."

నవ్వుతూనే అన్నాడు. సారంగపాణి నవ్వలేకపోయాడు. తాను చేసింది తప్పని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. కానీ ఆ చేతిలోంచి ఏం తీసేస్తున్నాడో మేనమామకు ముందుగా చెప్పలేదు. అప్పటికి తనకూ తెలియదు.

ఆ ఏటి నుంచి చేరడానికి వచ్చిన ప్రతివాణ్ణీ ముందు ఒకటే అడిగేవాడు, "ఇంట్ల మగ్గమున్నదా?" అని. ఉందంటే దరఖాస్తు వెనక్కిచ్చేవాడు. "ఈడ నేర్చుకుంటె నీ చేతికి గుడ్డ బిగువు తెలుసుడు పోతది. మళ్ల రాదు. ఇంట్ల చెప్పి, అడిగి రా."

కొందరు తిరిగి వచ్చేవారు. కొందరు రాలేదు. "గిట్ల బెదిరిస్తె సీట్లెట్ల నిండుతయ్?" అని ప్రిన్సిపాల్ లక్ష్మీనారాయణ విసుక్కునేవాడు. సారంగపాణి తలూపేవాడే కానీ అడగడం మానలేదు. అడగడానికి ఇంటికి వెళ్లినవాళ్ల కోసం, గడువు దాటాక కూడా వారం రోజులు ఆ రెండు మూడు సీట్లు ఎవరికీ ఇవ్వకుండా ఉంచేవాడు.