మా వరండాకి వచ్చిన అసెంబ్లీ

మా ఆయన ఎమ్మెల్యే అయిన కొత్తలో, మొదటిసారి బడ్జెట్ సమావేశాలకి హైదరాబాదు బయల్దేరుతూ నాకు ఒకే ఒక్క పని అప్పగించారు.

"ఎవరైనా వస్తే కాఫీ ఇచ్చి, శనివారం వస్తారని చెప్పి పంపించెయ్యి."

అది పెద్ద పనేమీ కాదనుకున్నాను. మాది రాజమండ్రికి దిగువన, కాలువని ఆనుకుని ఉన్న చిన్న టౌను. ఎన్నికల్లో నిలబడక ముందు మా ఆయన మా ఊరి కోర్టులో ప్లీడరు. క్లయింట్ల కోసం వరండాలో వేయించిన చెక్క బెంచీలు అలాగే ఉన్నాయి. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి వాటి మీద కూర్చోవడం, నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్ళడం పెళ్ళయినప్పటి నుంచీ ఉన్న అలవాటే. కాబట్టి, ఎమ్మెల్యే గారి భార్యనయ్యానని నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు.

తేడా ఎక్కడొచ్చిందంటే, వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోలేదు. రేషన్ కార్డుల సంగతీ, పింఛన్ల సంగతీ చెప్పుకున్నాక గ్లాసు కింద పెట్టి, "అసెంబ్లీలో మన గురించి ఏం జరిగిందండీ?" అని అడిగేవారు.

నాకేం తెలుస్తుంది? పేపర్లో చూస్తే ఎవరో ఎవరినో తిట్టారనీ, ఎవరో లేచి బయటికి వెళ్ళిపోయారనీ ఉండేది. మా నియోజకవర్గం పేరు ఏ మూలా కనిపించేది కాదు. "శనివారం వస్తారండీ" అంటే, "వస్తారనుకోండి. ఈలోగా ఏం జరిగిందీ అని" అనేవారు.

అలా అడిగేవాళ్ళలో అందరికంటే ముందు వచ్చేవారు ఒక పెద్దాయన. ఆయనది సముద్రం వైపు చిట్టచివరి శివారు ఊరు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు, మొదటి బస్సు. నేను బాబాయి గారని పిలిచేదాన్ని. వాళ్ళ ఊరి మీదుగా సముద్రంలోకి పోయే మురుగు కాలువ పూడిపోయి, పైనంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. వానలొస్తే పైఊళ్ళ నీళ్ళన్నీ వచ్చి వాళ్ళ చేలలోనే నిలిచిపోయేవి. ఏటేటా వానాకాలపు సార్వా పంట కుళ్ళిపోతోంది.

"కాలువలకి నీళ్ళు ఆపి కట్టేసే రోజులు దగ్గరికొచ్చేస్తున్నాయమ్మా. ఆ ఎండల్లోనే పని మొదలెట్టాలి. అది దాటిందంటే మళ్ళీ వానలేనండి, మళ్ళీ ముంపేనండి" అన్నారు ఒకరోజు. గట్టిగా అనలేదు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేసినప్పుడు అడిగాను. "మురుగు కాలువ సంగతి ఏమైందండీ?"

"ప్రశ్న ఇచ్చాను."

"ఏమని ఇచ్చారు? చదవండి."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన కాగితం వెతుక్కుని చదివారు. అది చాలా గొప్ప భాషలో ఉంది. నేను దాన్ని మామూలు మాటల్లోకి మార్చుకుని, పొద్దున్నే బాబాయి గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఎప్పుడొస్తుందమ్మా మన ప్రశ్న?" అన్నారు. సాయంత్రం ఫోన్లో అదే అడిగాను. మా ఆయన కనుక్కుని చెప్పారు. అక్కణ్ణుంచి అది రోజూ జరిగే పని అయిపోయింది. పొద్దున్న వరండాలో వాళ్ళు నన్ను అడగడం, దీపాలు పెట్టే వేళకి నేను ఆయన్ని అడగడం. ఆయనకి తెలియకపోతే మర్నాడు ఎవరినో పట్టుకుని తెలుసుకుని మరీ ఫోన్ చేసేవారు. ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో పక్క గదివాళ్ళు, "పగలు ఇక్కడ సభ, రాత్రి మీ ఇంట్లో సభానా?" అని ఆటపట్టించేవారట.

మా ప్రశ్న రావలసిన రోజు వచ్చింది. ఆ సాయంత్రం ఫోన్లో మా ఆయన గొంతు నీరసంగా ఉంది.

"రాలేదు. ప్రశ్నోత్తరాలు మొదలవగానే గొడవ. సభ వాయిదా పడింది. మనది లిస్టులో కిందెక్కడో ఉంది."

"మరి వీళ్ళకి ఏం చెప్పను?"

"ప్రభుత్వ పరిశీలనలో ఉందని చెప్పు."

"పరిశీలనలో ఉందంటే ఏంటని అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"నాకు మాత్రం ఏం తెలుసే! ఇక్కడ అందరూ అందరికీ అదే చెప్తున్నారు" అన్నారు. ఇద్దరం నవ్వేశాం. నవ్వాక నాకు ధైర్యం వచ్చింది. "నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానండీ. రేపు వాళ్ళ మొహాలు చూడాల్సింది నేను కదా" అన్నాను. "నీ ఇష్టం" అన్నారు.

మర్నాడు బెంచీలు నిండిపోయి, కొందరు మెట్ల మీద కూర్చున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రశ్న రాలేదన్నాను. గొడవైందన్నాను. మళ్ళీ ప్రయత్నిస్తానన్నారని చెప్పాను. ఎవరూ కోప్పడలేదు. బాబాయి గారు గొడుగు ఒడిలో పెట్టుకుని, "పోన్లెండమ్మా, రాలేదని అయినా తెలిసింది. ఇన్నాళ్ళూ అయిపోతుంది, అయిపోతుంది అనే వింటన్నాం" అన్నారు.

అప్పుడు మెట్ల కింద నుంచి మా చేపలావిడ గొంతు లేచింది. ఆవిడదీ ఆ సముద్రపు వైపే, బాబాయి గారి ఊరికి అవతల పల్లె. మగవాళ్ళు వలేసి తెచ్చిన చేపలు సిల్వర్ బేసిన్లో సర్దుకుని, బస్సెక్కి మా టౌనుకొచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మేది. మా పెరట్లో రొయ్యలు వలిచి ఇవ్వడానికి వచ్చి, వరండాలో జనం ఉంటే ఇటు వచ్చి నిలబడేది.

"అమ్మగారండీ, బాబుగారు అసలు లెగిసి నిలబడ్డారా? కూకునే ఉన్నారా?"

జనమంతా నావైపు చూశారు. నాకు తెలియదు. "సాయంత్రం అడిగి చెప్తాను" అన్నాను.

మా ఆయనకి ఆ ప్రశ్న నచ్చలేదు. "నిలబడ్డానని చెప్పు! గొడవలో వినపడకపోతే నేనేం చెయ్యను?" అన్నారు. పొద్దున్నే చేపలావిడకి చెప్పాను.

"మీరు చూశారాండి?"

"లేదు."

"మరి?"

ఆవిడ ఎత్తిపొడవలేదు. రొయ్య తల తుంచుతూ ఊరికే అడిగింది. నాకు మాత్రం ఆ మాట రోజంతా చెవిలో తిరిగింది. నిజమే, నేనెప్పుడూ అసెంబ్లీ చూడలేదు. మా ఆయన మాట పట్టుకుని ఇంతమందికి చెప్తున్నాను.

శనివారం ఆయన రాగానే అన్నం కూడా పెట్టకుండా చెప్పాను. "మాకు పాసులు కావాలి. నాకూ, బాబాయి గారికీ, చేపలావిడకీ."

ఆయన చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయారు. "చేపలావిడా?"

"ఆవిడే అడిగింది. ఆవిడే చూడాలి."

ఆదివారం ముగ్గురం ఆయనతోపాటే రైలెక్కాం. బాబాయి గారు గదిలో వాడుకోవడానికని సంచీడు కొబ్బరికాయలు తెచ్చారు. చేపలావిడ పట్టుచీర లాంటి చీర కట్టుకుని, తన బేరాలు తోటికోడలికి అప్పగించి వచ్చింది. బాబుగారికి ఇష్టమని ఎండు రొయ్యలు మూటకట్టి తెచ్చింది. రైలు పెట్టెలో జనమంతా వాసన పట్టి ఆ మూట ఎక్కడుందో వెతకడం మొదలెట్టారు. "ఎమ్మెల్యే గారియండి" అని ఆవిడ దర్జాగా చెప్పింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అసెంబ్లీలో సందర్శకుల గ్యాలరీకి వెళ్ళేముందు బాబాయి గారి గొడుగు తీసి పక్కన పెట్టించారు. గొడుగు లేకపోయేసరికి ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాట్లాడకూడదు, చేతులూపకూడదు, ముందుకి వంగకూడదు అని అక్కడి ఉద్యోగి చెప్పాడు. కింద మాత్రం అందరూ మాట్లాడుతున్నారు, అందరూ చేతులూపుతున్నారు. చేపలావిడ నా చెవి దగ్గరికొచ్చి, "ఆళ్ళకి చెప్పరేంటండీ?" అంది. నాకు నవ్వాగక కొంగు నోట్లో పెట్టుకున్నాను.

మా ఆయన ఎక్కడున్నారో వెతకడానికి కాసేపు పట్టింది. వెనక వరసల్లో ఉన్నారు. పైనుంచి చూస్తే ఆయన నడినెత్తిన అంత బట్టతల ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ప్రశ్నోత్తరాలు అయ్యాక జీరో అవర్ మొదలైంది. మా ఆయన చెయ్యెత్తి లేచారు. స్పీకర్ గారు ఇంకెవరికో మైకిచ్చారు. ఆయన కూర్చున్నారు. మళ్ళీ లేచారు. మళ్ళీ ఇంకెవరో. అలా లేస్తూ కూర్చుంటూ ఉంటే నాకు కాళ్ళు పీకుతున్నట్టు అనిపించింది. చివరికి స్పీకర్ గారు ఆయన వైపు చూసి తలూపారు. మైకు ముందు ఎర్రలైటు వెలిగింది.

ఆయన కోర్టులో వాదించేటప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. ఆ గొంతు వేరేగా ఉంది. కాగితంలో ఉన్న గొప్ప భాష చదవలేదు. "అధ్యక్షా, కాలువలు కట్టేసిన ఎండల్లో పని మొదలుకాకపోతే, మళ్ళీ వానలే, మళ్ళీ ముంపే" అన్నారు. శివారు ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. పక్కనున్న బాబాయి గారు నావైపు తిరిగారు. "అది నా మాటేనమ్మా" అన్నారు, పెదవులు మాత్రమే కదిలేలా. తన పల్లె పేరు వినపడగానే చేపలావిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేసింది. ఉద్యోగి పరుగున వచ్చాడు. ఆవిడ చేతులు చీరలో దాచేసుకుని, ఏమీ ఎరగనట్టు సీలింగు వైపు చూసింది.

మంత్రి గారు లేచి, "సభ్యుల సూచన నోట్ చేసుకున్నాం, పరిశీలిస్తాం" అన్నారు. మైకు ఇంకొకరికి వెళ్ళిపోయింది.

"అయిపోయిందాండి?" అంది చేపలావిడ నమ్మలేనట్టు.

బయటికొచ్చాక, కారిడార్లో ఆ మంత్రి గారే ఎదురుపడ్డారు. మా ఆయన, "మా నియోజకవర్గం వాళ్ళు" అని చూపించారు. బాబాయి గారు నమస్కారం పెట్టి, చాలా మర్యాదగా అడిగారు.

"పరిశీలించడం అంటే, ఎవరైనా వచ్చి చూస్తారాండి బాబూ?"

మంత్రి గారు నడుస్తున్నవారు ఆగారు. విసుక్కుంటారేమోనని నేను భయపడ్డాను. ఆయన బాబాయి గారి మొహంలోకి చూసి, "చూడాలండీ. చూడకుండా ఎలా తెలుస్తుంది? మనిషిని పంపిస్తాను" అని, వెనకున్న ఆయనతో రాసుకోమన్నారు. అంతమాత్రానికే మా ఆయన మొహం వెలిగిపోయింది. క్వార్టర్స్‌కి వెళ్ళి ఎండు రొయ్యలూ వంకాయా వండాను. అందరం కింద కూర్చుని తిన్నాం.

ఇంటికొచ్చిన మర్నాడు వరండాలో నేను చెప్పడానికేమీ మిగల్లేదు. చేపలావిడ చెప్పింది. బేసిన్ కింద దించి, నిలబడి, రెండు చేతులతో చెప్పింది. ఆవిడ చెప్పినదాంట్లో మా ఆయన లేచేసరికి సభంతా నిశ్శబ్దమైపోయింది. మంత్రి గారికి ముచ్చెమటలు పట్టాయి.

"చెమటలేం పట్టలేదమ్మా, అక్కడ ఏసీ ఉంది" అన్నారు బాబాయి గారు.

"ఏసీలో కూడా పట్టాయండి!"

జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత ఆవిడ చేపలమ్మిన ప్రతి వీధికీ ఆ కథ వెళ్ళింది. వెళ్ళిన చోటల్లా కొంచెం పెరిగింది. మా ఆయన బజారుకి వెళ్తే, ఎప్పుడూ పలకరించని వాళ్ళు కూడా, "ఎన్నిసార్లు లేచారండీ బాబూ!" అని అడిగేవారు. ఆయన సిగ్గుపడేవారు. లోలోపల ఆయనకి బాగానే ఉందని నాకు తెలిసిపోయేది.

మాటిచ్చినట్టే ఒక ఇంజనీరు గారు జీపులో వచ్చారు. బాబాయి గారు ఆయన్ని గట్టు వెంట చివరిదాకా నడిపించారు. కాలువలు కట్టేశాక మట్టి తవ్వే మిషన్లు వచ్చాయి. గుర్రపుడెక్క గుట్టలు గుట్టలుగా గట్టుమీదికి ఎక్కింది. అంతా కాలేదు. ఆఖరి వంతెన దాటాక, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ముక్క ఆ ఏడు మిగిలిపోయింది. అదీ వరండాలో చెప్పాను. "చివరిదాకా రాలేదండీ, వచ్చే ఏడు మళ్ళీ అడుగుతారు" అన్నాను. ఆ వానల్లో నీళ్ళు చేలలోకి వచ్చాయి గానీ, నిలవకుండా లాగేశాయి. మొగ దగ్గర కొద్దిమందికి మాత్రం పంట దెబ్బతింది. బాబాయి గారి చేను పండింది. కొత్త బియ్యం తెచ్చి బెంచీ మీద పెట్టి, కాఫీ తాగారు.

మా ఆయన ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్ళూ ప్రతి సమావేశాలకీ ఆ ఫోను నడిచింది. నేను ఏమడుగుతానో ముందే ఊహించి సమాధానం తెచ్చుకునేవారు. ఒక్కోసారి నేను అడగనివి కూడా చెప్పేవారు, కుర్రాడు బడిలో జరిగింది ఇంట్లో చెప్పినట్టు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకున్న రోజులు అవే.

రెండోసారి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఇద్దరం కొన్నాళ్ళు చిన్నబోయిన మాట నిజమే. తర్వాత ఆయన నల్లకోటు దులిపించుకుని మళ్ళీ కోర్టుకి వెళ్ళడం మొదలెట్టారు. బెంచీల మీద మళ్ళీ క్లయింట్లు కూర్చున్నారు. ఇల్లు కాస్త తెరిపిన పడింది.

ఒక మధ్యాహ్నం, కొత్త అసెంబ్లీ మొదలైన రోజుల్లో, ఫోన్ మోగింది. మా ఆయన మీద గెలిచినాయన భార్య. నేను ఆవిడతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

"అక్కయ్య గారూ, ఏమీ అనుకోకండి. పొద్దున్నే జనం వచ్చేసి అసెంబ్లీలో ఏం జరిగిందని అడుగుతున్నారండీ. మీరు ఏం చెప్పేవారు?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏ వేళకి ఫోన్ చేయించుకోవాలో, ఏమేం అడగాలో, మొగ దగ్గర మిగిలిపోయిన ముక్క సంగతేమిటో, అన్నీ చెప్పడం మొదలెట్టాను. ఆవిడ మధ్యమధ్యలో "ఆయ్, ఆయ్" అంటూ వింటోంది. మా ఆయన కంచం ముందు కూర్చుని కాసేపు నాకోసం చూశారు. తర్వాత తనే వడ్డించుకుని, నా మాటలు వింటూ తినేశారు.