ఈరన్న గురువారం సంతకం

తాగి బస్సు అద్దం పగలగొట్టినందుకు, మానవపాడు ఈరన్నను ఆరు నెలలు గద్వాల దవాఖానలో కౌన్సెలింగుకు పొమ్మంది కోర్టు. గురువారం గురువారం కాగితం మీద సంతకం పడకపోతే జైలే. ఆంజనేయస్వామి మాల వేసుకున్నాడు గనుక ఇప్పుడు చుక్క ముట్టడం లేదు. అయినా లోపలికి పోయేముందు మూడుసార్లు నోరు పుక్కిలిస్తాడు, బోనెక్కినట్టు చేతులు కట్టుకుంటాడు.

ఆ వారం కౌన్సెలింగు చేసే ఉమ మేడం, "తాగాలనిపిస్తుందా, స్వామీ?" అని అడిగింది. అవునంటే జైలుకు పంపుతారేమో, కాదంటే మాలలో ఉండి అబద్ధమాడినట్టు. ఈరన్న మాల తీయబోయి, మెడ దగ్గరే చెయ్యి ఆపి, "పొద్దుమూకితే అనిపిస్తది మేడం" అన్నాడు.

"గదే చెప్పాలె. మల్ల వారం రా" అని ఆమె సంతకం చేసింది.

బయట కూర్చున్న భార్య స్వరూపకు కాగితం చూపించి, "కోర్టుల ఒప్పుకుంటే శిక్ష ఏసిండ్రు, ఈడ ఒప్పుకుంటే సంతకం పెట్టిండ్రు. నన్ను ఇడిసినట్టా, పట్టినట్టా?" అన్నాడు.