పాత లప్పం

ఆవిడ ఆ మ్యూజియంలో పద్నాలుగేళ్లు నేల తుడిచింది. మోకాళ్లు ఇక వంగమని మొండికేశాక, నలభై మూడో ఏట, గోడలకు బొమ్మలు తగిలించే పని నేర్చుకోమని మేస్త్రీ దగ్గరికి పంపారు. మొదటిరోజే అలవాటు కొద్దీ తడిగుడ్డ పట్టుకుని ఒక చిత్రం మీదికి వెళ్లింది.

"అమ్మాయ్, అది కిటికీ కాదమ్మా," అన్నాడు మేస్త్రీ గుండె పట్టుకుని. ఆ మాట వారం రోజులపాటు భవనమంతా తిరిగింది.

మేస్త్రీ ఓపిగ్గానే నేర్పాడు. చేతులకు తొడుగులు లేకుండా చట్రం ముట్టుకోకూడదు. రసమట్టంలో బుడగ మధ్యకొచ్చి నిలిచాకే చెయ్యి వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం గోడ. ఒక ప్రదర్శన ముగియగానే కన్నాలన్నీ లప్పంతో పూడ్చి పైన రంగు వేస్తారు. ఇన్నేళ్లలో ఆ గోడల్లో ఇటుక ఎంతో లప్పమూ అంతే అయింది.

"లప్పంలో దిగిన స్క్రూ బరువు మొయ్యదు. పక్కనుంచి చూడు, పూడ్చిన చోటు నున్నగా మెరుస్తుంది," అనేవాడు.

నాలుగో నెలకల్లా ఆవిడకు అర్థమైపోయింది, ఆ మెరుపు మేస్త్రీకే కనబడడం లేదని. టేపు మీది అంకెలు ఆవిడ చేత చదివించుకునేవాడు. ఒకసారి గోడతోపాటు స్విచ్చుకీ శ్రద్ధగా రంగేశాడు. పైవాళ్లకు తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో భార్య మంచాన పడి ఉంది. సర్వీసు ఇంకా పదకొండు నెలలుంది.

అందుకని ఆవిడ, ఆయన టీకి వెళ్లగానే స్క్రూలన్నీ లాగి చూసి, వదులుగా ఉన్నవాటిని నాలుగు వేళ్లు పక్కకి మార్చి బిగించేది.

ఒక మధ్యాహ్నం ఆయన తొందరగా తిరిగొచ్చాడు.

"ఏంటది?"

"కాస్త వదులుగా ఉంది బాబాయ్."

గుమ్మం దగ్గర కాపలావాళ్లిద్దరు కిసుక్కుమన్నారు. మేస్త్రీ ముఖం మాడిపోయింది. "తుడుపు పని మాన్పించినా నీకు అలవాటు పోలేదమ్మా. నా వెనకాలే తుడుచుకుంటూ తిరుగుతున్నావు."

"అయితే ఇక తిరగన్లే," అంది ఆవిడ.

మర్నాడు తలుపంత చిత్రం తగిలించారు. ఆవిడ అంకెలు చదివింది, రసమట్టం అందించింది. పక్కనుంచి గోడను మాత్రం చూడలేదు. మేస్త్రీ టీకి వెళ్లినప్పుడు తనూ వెళ్లింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి చట్రం ఒక పక్కకి ఒరిగి ఉంది. మేస్త్రీ పరుగెత్తి చేతులడ్డం పెట్టాడు. రెండు వేళ్లు నలిగిపోయాయి.

"బొమ్మకేం కాలేదుగా?" అంటూ వచ్చారు డైరెక్టరుగారు. తర్వాత అడిగారు, "ఎవరు బిగించారు?"

"నేనేనండి," అంది ఆవిడ.

"కాదండి, నేను. నాకు చూపు ఆనడం లేదు," అన్నాడు మేస్త్రీ.

ఆ సాయంత్రమే మేస్త్రీని ఇంటికి పంపేశారు. ఆవిడ ఆయన సంచీ మోస్తూ గేటుదాకా వచ్చింది. కట్టు కట్టిన చేత్తోనే ఆయన సంచీ అందుకున్నాడు.

"నువ్వు చూసుకుంటున్నావని మొదట్నించీ తెలుసు. ఆ ధైర్యంతోనే బిగించేవాణ్ని. నిన్న కాపలావాళ్లు నవ్వేసరికి ఏదో అన్నాను. ఇవాళ ఎందుకు చూడలేదమ్మా?"

ఆవిడ గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లి, లప్పం కలిపి, స్క్రూ ఊడిన ఆ కన్నం పూడ్చింది.